వదలడమా, వదులు చెయ్యడమా?

సారంగు పోయిన సంగతి నాకు మా ఆధ్యాత్మిక బృందం వల్ల తెలియలేదు. తెలిసే వీలూ లేదు. ఆ ఉదయం వాట్సాప్ గ్రూపులో మేడమ్ పెట్టిన సందేశం ఇది: "మన ప్రియ సాధకులొకరు నిన్న సాయంత్రం రూపాన్ని దాటి పూర్ణంలో నిలిచారు. ఈ శుభస్థితిని మౌనంగా ఆస్వాదిద్దాం." దాని కింద వరుసగా దండాలు పెట్టే బొమ్మలు. ఇద్దరు అభినందనలు తెలిపారు. ఒకాయనైతే, "ఏ మెట్టు పూర్తిచేశారండీ? నాకింకా రెండోదే నడుస్తోంది" అని దిగులుగా రాశాడు.

పదింటికి సారంగు కొడుకు ఫోన్ చేశాడు. "అంకుల్, నాన్న పోనారు. నిన్న సాయంత్రం. గుండె ఆగిపోనాది." అంతే. ఆ ఇంట్లో మాట్లాడే పద్ధతి అది.

సారంగు అంటే టగ్గు నడిపేవాడు. పెద్ద ఓడ రేవులోకి వచ్చేటప్పుడు దాన్ని మోకులతో లాగి, పక్కనుంచి తోసి ఒడ్డుకు చేర్చే చిన్న బలమైన పడవ టగ్గు. ఒక కాంట్రాక్టరు దగ్గర అలాంటి టగ్గు మీద బతుకంతా గడిపి, గోపాలపట్నంలో మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు. పేరు పెట్టి ఎవరూ పిలవగా నేను వినలేదు. భూమ్మీద నిలబడినా పడవ మీద నిలబడినట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు. కూరగాయల కొట్టు ముందు ఆయనొక్కడు నిలబడితే ఇద్దరి చోటు పట్టేది. ఫోన్‌ని చెవి దగ్గర కాక నోటి ముందు పెట్టుకుని, మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్న బటన్ని బొటనవేలితో నొక్కి పట్టేవాడు. అది వైర్‌లెస్ కాదని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా ఆ వేలు వినలేదు. అలా నొక్కుతూ ఫోన్‌ని నోటి దగ్గరికీ దూరానికీ జరుపుతుంటే మా సమావేశాల్లో ఆయన గొంతు సగం మాటలకి ఉరుములా, సగం మాటలకి గాలిలా వినిపించేది.

అన్నిటికంటే పెద్ద అలవాటు ఇంకొకటి. ఎవరు ఏం చెప్పినా, విన్నది తిరిగి చెప్పేవాడు.

"రేవులోకి దారి సూపించీ పైలెట్ ఓడ మీంచి వైర్‌లెస్‌లో సెప్తాడు బావా. ఇన్నది ఇన్నట్టు తిరిగి సెప్పాల. ఆడు 'అవును' అన్నాకే సెయ్యాల. నేదంటే సచ్చిపోతారు" అనేవాడు. ఏ వరసా లేకపోయినా, ఇక్కడి అలవాటు కొద్దీ నన్ను బావా అనేవాడు. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. నేనూ అదే ప్లాంటు లేబొరేటరీలో పనిచేస్తున్నాను. ఇన్నేళ్లయినా ఈ 'బావా' నాకు కొంచెం మొహమాటమే. సారంగుకి ఆ తేడాలేవీ లేవు. ఒకరోజు సమావేశంలో గురువుగారినే "అది కాదు బావా" అనేశాడు. గురువుగారు కళ్లు మూసుకున్నారు. సమాధిలోకి వెళ్లారనుకున్నవాళ్లు చాలామంది.

ఆయన్ని ఆ బృందంలో చేర్చింది నేనే. బృందం పేరు లోచూపు. గురువుగారు ఎక్కడో వేరే ఊళ్లో ఉంటారు. పొద్దున ఐదున్నరకి వీడియోలో ప్రవచనం. గురువారం సాయంత్రం ఆత్మపరిశీలన, అంటే ఒక్కొక్కరూ తమలోని ఒక లోపాన్ని అందరి ముందూ చెప్పుకోవాలి. వీటిని నడిపేది మేడమ్. ఎవరి గొంతు వినిపించాలో, ఎవరిది మూయాలో ఆవిడ చేతిలో ఉండేది. నేను ప్రవచనాలు విని, రాసి, గ్రూపులో పెట్టేవాణ్ని. ఆ పదవికి లేఖకుడని పేరు. నిజం చెప్పాలంటే, అర్థం కాని వాక్యాన్ని తప్పుల్లేకుండా రాయగలగడం నాకప్పుడు గొప్పగా ఉండేది.

సారంగు చేరిన మొదటి ఉదయమే గురువుగారు, "తెలియనిదాన్ని తెలియనిదిగా తెలుసుకున్న తెలివికే తెల్లవారుతుంది" అన్నారు. తెర నిండా "ఆహా"లు కురిశాయి. వాటి మధ్యలోంచి ఉరుములాంటి గొంతు వచ్చింది.

"గురువుగారూ, ఇన్నది సెప్తన్నాను. మనకి తెల్దు అని మనకి తెలిస్తే మంచిది. అంతేనా?"

గురువుగారు చాలాసేపు చిరునవ్వు నవ్వి, "అంతే అని కూడా అనలేం" అన్నారు.

"మరింకేటి ఉన్నాది?"

మేడమ్ ఆయన గొంతు మూసేసింది.

అక్కడితో ఆగలేదు. రోజూ అదే వరస. గురువుగారు పావుగంట చెప్పిందాన్ని సారంగు ఒక్క వాక్యంలో తిరిగి చెప్పేవాడు. తీరా ఆ వాక్యం వింటే మా అమ్మమ్మ చిన్నప్పుడు చెప్పిన మాటలా ఉండేది. ఒకోసారి వాక్యం కూడా మిగిలేది కాదు. "మొత్తం ఇన్నాను గురువుగారూ. తిరిగి సెప్దామంటే ఏటీ దొరకట్లేదు" అనేవాడు నిజాయితీగా. అందులో వెటకారం ఉందని అందరూ అనుకున్నారు. లేదని నాకు తెలుసు. ఆయన ముఖంలో కంగారుండేది, ఏదో ఆజ్ఞ సరిగ్గా అందలేదన్న కంగారు.

బృందం రెండుగా చీలింది. మాట స్పష్టంగా ఉండాలనేవాళ్లు ఒక పక్క, స్పష్టతే అహంకారమనేవాళ్లు ఒక పక్క. ఇద్దరూ ఎదటివాళ్లని ఆత్మపరిశీలన చేసుకోమని రోజుకి పదేసి సందేశాలు పెట్టేవాళ్లు. చివరికి మేడమ్ గ్రూపులో ఓటింగ్ పెట్టింది. "స్పష్టత సాధనకి అడ్డమా?" అన్నది ప్రశ్న. అవును, కాదు, రెండూ అన్నవి జవాబులు. 'రెండూ' గెలిచింది. నేనూ దానికే వేశాను.

ఆ వారమే గురువుగారు 'వదలడం' మీద చెప్పడం మొదలుపెట్టారు. "వదలండి. అంతా వదులు. వదులు... వదులు..." అని ఆయన గొంతు తగ్గించి అంటుంటే మాలో కొందరికి కళ్లు చెమర్చాయి. సారంగు అడిగాడు.

"గురువుగారూ, వదలడమా, వదులు సెయ్యడమా?"

"మాటల్ని కూడా వదలండి నాయనా."

"అది కాదండి. వదలడం ఏరు, వదులు సెయ్యడం ఏరు. ఒకటి మోకు మొత్తం ఇడిసీడం. ఇంకోటి కొంచెం సడలించడం. ఏది సెయ్యమంటన్నారో సెప్పండి."

గురువుగారు చెప్పలేదు. సారంగు మర్నాడూ అదే అడిగాడు. ఆ మర్నాడూ అదే. ఒకే మాట పట్టుకుని పీకుతున్నాడని స్పష్టత పక్షంవాళ్లు కూడా విసుక్కున్నారు. నాలుగోరోజు మేడమ్ ఆయన గొంతుని ప్రవచనమంతా మూసే ఉంచింది. తెర మీద ఆయన నుదురూ, పైన తిరుగుతున్న ఫ్యానూ, ఆడుతున్న పెదాలూ మాత్రం కనిపించాయి.

గురువారాల సంగతి చెప్పాలి. మా లోపాలన్నీ చాలా శుభ్రమైన లోపాలు. ఒకాయన, "నాలో జాలి ఎక్కువ" అనేవాడు. ఒకావిడ, "నేను ఎవర్నీ నొప్పించలేను, అదే నా బలహీనత" అని కన్నీళ్లు పెట్టుకునేది. మేడమ్, "నా వినయం మీద నాకు సూక్ష్మమైన మమకారం ఉంది" అంది. గురువుగారు దాన్ని మెచ్చుకున్నారు. సారంగు మాత్రం అందర్నీ ఒకటే ప్రశ్న అడిగేవాడు: "అంటే ఏటి సేసినారు?"

"జాలి ఎక్కువంటే ఏటి సేసినారండి? ఎవులికి?"

"చెయ్యడం కాదండీ, అది ఒక భావం."

"ఏటీ సెయ్యకపోతే లోపం ఎలాగవుద్ది?"

నా వంతు వచ్చినప్పుడు, "నాకు కోపం ఎక్కువ" అన్నాను. కొంచెం మగతనంగా ఉండే లోపమని ఎంచుకున్నాను.

"ఎవులి మీద బావా?" అన్నాడు సారంగు.

"అందరి మీదా."

"మీ ఆఫీసులో పెద్దాయన్ని ఎప్పుడు తిట్టినావు?"

"ఆయన్నెందుకు తిడతాను?"

"పక్కింటోల్లని?"

"లేదు."

"మరైతే అందరి మీదా కాదు కదా. ఇంట్లో ఆవిడొక్కర్తి మీదే. అలాగ సెప్పాల."

మా ఆవిడ పక్కగదిలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో అనేశాను: "మీరు అందర్నీ అడుగుతారు సారంగుగారూ. ఇన్ని గురువారాలయ్యాయి. మీ లోపం ఒక్కటి చెప్పారా? మీరేం చేశారో చెప్పండి."

తెర మీంచి ఆయన నుదురు పోయి, ఫ్యాన్ ఒక్కటే మిగిలింది.

పై గురువారం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు మొదటిసారి పూర్తి ముఖం కనిపించింది. గెడ్డం గీసుకున్నాడు. ఎవరూ పిలవకముందే మొదలుపెట్టాడు.

పాతికేళ్ల కిందటి సంగతి. టగ్గు ఒక ఓడని లాగుతోంది. మోకు మీద బరువు ఎక్కువైంది, కొంచెం సడలించాలి. వెనక మోకు పట్టుకున్న కలాసీ నూకరాజుతో, "వదులు!" అని అరిచాడు. వదులు చెయ్యమని ఈయన ఉద్దేశం. నూకరాజు వదిలేశాడు. మోకు పాములా లేచి అతని కుడిచెయ్యి పట్టుకుంది. రెండు వేళ్లు పోయాయి. విచారణలో కాంట్రాక్టరు మనిషి, నువ్వేమన్నావని అడిగాడు. "కొంచెం వదులు సెయ్యి అన్నాను" అని ఈయన చెప్పాడు. కలాసీ సరిగ్గా వినలేదని రాసుకున్నారు. నూకరాజుని మళ్లీ పనిలోకి తీసుకోలేదు.

"నాను 'కొంచెం' అన్నేదు. 'సెయ్యి' అన్నేదు. 'వదులు' అన్నాను. ఆడు సరిగ్గానే ఇన్నాడు. అది నాను సేసింది" అని ఆపాడు.

వెంటనే తెర మీద దండాల బొమ్మలు మొదలయ్యాయి. ఎవరో, "ఎంత గొప్ప ఉపమానం!" అన్నారు. ఇంకొకరు, "మోకు అంటే సంసారం కదండీ?" అని అడిగారు. గురువుగారు కళ్లు తెరిచి, నెమ్మదిగా అన్నారు:

"చెయ్యి తాడుని వదిలింది. తాడు చేతిని వదిలింది. వదిలించినవాడెవడు?"

"నానేనండి. అదే సెప్తన్నాను."

"ఆ 'నేను' ఎవరు?"

"నానండి. గోపాలపట్నం. మార్కెట్టు ఎనకాల ఉంటాను." రెండు వేళ్లు మడిచిన చెయ్యి తెర ముందు పెట్టాడు. "ఏల్లు తెగిపోనాయి గురువుగారూ. నిజం ఏల్లు. ఉపమానం కాదు."

మేడమ్ ఆయన గొంతు మూసేసి, ఈ అనుభవాన్ని మౌనంలో నింపుకుందామంది. ఆ రాత గ్రూపులో పెట్టాల్సింది నేను. 'వదిలించినవాడెవడు?' అని శీర్షిక పెట్టి, గురువుగారి మూడు వాక్యాలూ రాసి, పంపకుండా చెరిపేశాను. అదే నా లేఖక పదవికి ఆఖరు. సారంగు అప్పటికే గ్రూపులోంచి వెళ్లిపోయాడు; పోయాక మాత్రం మేడమ్ ఆయన్ని మళ్లీ ప్రియ సాధకుణ్ని చేసింది.

ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలో, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"బండి తియ్యి బావా. యారాడ ఎల్దాం. నూకరాజు ఊరు."

"నేనెందుకండీ?"

"నువ్వే కదా అడిగినావు, ఏటి సేసినావని."

గాజువాక దాటే వరకూ వెనక కూర్చుని, చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నాడు. నా చెవి వెనకే కదా, అంతా వినపడుతోంది. "ఆ రోజుల్లో పరిస్తితులు అలాగుండేవి నూకరాజూ..." అని మొదలుపెట్టి ఆగాడు. "మనందరి టైము బాగోక..." అని ఇంకోటి ఎత్తుకున్నాడు. కొండ ఎక్కుతుంటే, "పైవాడి ఆట..." అన్నాడు.

"అంటే ఏమిటండీ?" అన్నాను నేను.

వీపు మీద ఒక్కటి చరిచాడు. "నవ్వులాటగుందేటి నీకు?" అన్నాడు. కొండ దిగుతుంటే కింద సముద్రం కనబడుతున్నా అటు చూడలేదు.

ఊళ్లో టీకొట్టు దగ్గర ఆపి నూకరాజు ఇల్లెక్కడని అడిగాం.

"ఏ నూకరాజు? సెవిటి నూకరాజేనా?" అన్నాడు కొట్టతను.

"సెవిటోడేటి?" అన్నాడు సారంగు. "ఆడికి రెండేల్లు లేవు. సెవులు బాగానే ఉంటాయి."

"అదే, ఆడే. సారంగు ఒకటి సెప్తే ఇంకోటి ఇని ఏల్లు పోగొట్టుకున్నాడు కదా. అప్పట్నించీ సెవిటి నూకరాజనే అంటారు. ఆడు పడవెక్కితే ఎనకాల తాడు పట్టుకోనివ్వరు. మాట ఇనబడదని భయం."

సారంగు టీ తీసుకున్నాడు. తాగలేదు. గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి నడిచాడు.

నూకరాజు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బొటనవేలూ రెండు వేళ్లూ చాలు అన్నట్టు సూది చకచకా పోతోంది. మమ్మల్ని చూసి లేచాడు. "సారంగుగారా!" అని సంబరపడ్డాడు. అది చూడడం నాకే కష్టమైంది. పక్కన చేపలు ఎండబెడుతున్న అతని భార్య మాత్రం లేవలేదు.

సారంగు కూర్చోలేదు. "నూకరాజూ, ఆ ఏల నాను 'వదులు' అన్నాను. 'కొంచెం వదులు సెయ్యి' అన్నేదు. అలాగన్నానని ఇచారణలో అబద్దం సెప్పినాను. నువ్వు సరిగ్గానే ఇన్నావు."

నూకరాజు సూది అరుగు మీద పెట్టాడు. "నాకు సరిగ్గానే ఇనబడిందా?"

"ఇనబడింది."

"నాను రోజూ అనుకునీవోణ్ని," అన్నాడు నూకరాజు మెల్లగా. "నాకు 'వదులు' అనే ఇనబడింది. కానీ మీరు పెద్దోరు. మీరు అబద్దమెందుకు సెప్తారు? నా సెవులే తప్పనుకున్నాను. పెద్దాసుపత్రికి కూడా ఎల్లినాను. బాగానే ఉన్నాయన్నారు. ఆలకీ తెల్దేమో అనుకున్నాను."

అప్పుడు అతని భార్య లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆ ఏలే ఎందుకు సెప్పనేదు?" అంది.

గురువుగారైతే ఈ ప్రశ్న మీద నెలరోజులు చెప్పేవారు. సారంగు అన్నాడు: "బయమేసింది. పని పోద్దని."

ఆమె ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. క్షమించిన చూపు కాదు. "అరుగు మీద సెప్తే సాలదు. రండి" అని ముందు నడిచింది. టీకొట్టు దగ్గర చెప్పించింది. ఇసకలో పడవ దగ్గర కూర్చున్న మగవాళ్ల ముందు చెప్పించింది. ఒకడు నవ్వాడు. ఒకడు బూతు తిట్టాడు. సారంగు ప్రతిచోటా అవే మాటలు చెప్పాడు, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నేను నాలుగడుగుల వెనక నడిచాను. ఆత్మపరిశీలన అంటే ఇంత ఎండలో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

తిరిగి ఇంటికొచ్చాక ఆమె, "ఇంకొకరున్నారు" అని లోపలికి తీసుకెళ్లింది. నులకమంచం మీద నూకరాజు తల్లి. ఎండిపోయిన మనిషి. ఆవిడకి నిజంగానే వినపడదు. సారంగు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. వీధి వీధంతా వినిపించేలా అరిచాడు.

"తప్పు నాది! నీ కొడుకు సెవులు బాగానే ఉన్నాయి! సరిగ్గానే ఇన్నాడు!"

ముసలావిడ ఆయన ముఖంలోకి చూసింది. ఎవరని అడగలేదు. ఎందుకని అడగలేదు.

"నాకు తెల్దేటి?" అంది. "సిన్నప్పుడు ఇసకలో పీత నడిస్తే ఇనీవోడు నా కొడుకు."

సారంగు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. నూకరాజు భార్య చేటలోంచి ఏదో ఏరుతున్నట్టు తలవంచుకుంది. గుమ్మంలో నిలబడ్డ నూకరాజు ముఖం తిప్పుకుని, అరుగు మీదికెళ్లి వల ఒళ్లోకి లాక్కుని, మధ్యలో వదిలేసిన ముడి కోసం వెతుక్కున్నాడు. చాలాసేపు ఆ ముడి అతనికి దొరకలేదు.